ఈ సంస్థ ఎవ్వరిది?

చట్టము సృష్టించిన వ్యక్తులలో సంస్థ మిక్కిలి విచిత్రమైనది. దానికి జన్మపత్రము కలదు, నామధేయము కలదు, ఆస్తి కలదు, న్యాయస్థానమున వాదిగానో ప్రతివాదిగానో నిలుచు అధికారము కలదు. ముఖము మాత్రము లేదు. దానికి అప్పిచ్చువాడును, సరకు అమ్మువాడును, దాని వాటాలు కొనువాడును, అందు కొలువు చేయువాడును ఏదో యొకనాడు అడుగక తప్పని ప్రశ్న యొకటి కలదు: ఈ సంస్థ ఎవ్వరిది? దీని వెనుక నిలిచి లాభము గైకొనువారెవ్వరు, నష్టము వాటిల్లిననాడు బాధ్యత వహింపవలసినవారెవ్వరు? నేడు కంప్యూటరు ముందు కూర్చుండి ఎవ్వరైనను ఈ ప్రశ్నను ఒక వెబ్ చిరునామాకు పంపి, దాని మాతృసంస్థ పేరును, ఆ మాతృసంస్థకు మాతృసంస్థయైనదాని పేరును క్షణములో రాబట్టవచ్చును. ప్రోగ్రాములు వ్రాయువారు ఏపీఐ అని పిలుచు ఈ ద్వారమును చూచి, ఇది యంత్రవిద్య ప్రసాదించిన సౌకర్యమని తలంచువారు పెక్కుమంది. యంత్రము వచ్చినది కడపట; అంతకుముందు 180 ఏండ్లుగా దివాలాలును, కుంభకోణములును, శాసనములును ఒకదానివెంట నొకటి వచ్చి ఈ ప్రశ్న నడుగు హక్కును సాధించి పెట్టినవి. ఆ చరిత్రను స్మరించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ కథకు ఆరంభస్థానము న్యూయార్కు నగరము. అచ్చట లూయిస్ టాపన్ అను వర్తకుడు తన యన్న ఆర్థరుతో గూడి పట్టువస్త్రముల వ్యాపారము చేయుచుండెను. దూరదేశములందలి చిల్లర వర్తకులకు అరువుపై సరకు పంపుట ఆ కాలపు వాడుక. ఆ వర్తకులెట్టివారో, వారి వెనుక నెంత ధనమున్నదో, వారికి అండగా నిలుచువారెవ్వరో తెలిసికొను మార్గము లేకుండెను. 1837 నాటి ఆర్థిక సంక్షోభమున బాకీలు రాక ఆ సోదరుల వ్యాపారము కూలిపోయెను. బానిసత్వ నిర్మూలనోద్యమమునకు తన ధనమును కాలమును ధారపోసిన ఈ లూయిస్ టాపనే 1841లో మర్కంటైల్ ఏజెన్సీ యను కార్యాలయమును స్థాపించి, ఊరూర నొక ప్రతినిధిని, తరచుగా న్యాయవాదిని, నియమించి, స్థానిక వర్తకుల స్థితిగతులను గూర్చి లేఖలు వ్రాయించి, వానిని పెద్ద పుస్తకములలోని కెక్కించెను. తరువాతి కాలమున అమెరికా అధ్యక్షుడైన అబ్రహాం లింకన్ కూడ ఇట్టి ప్రతినిధులలో నొకడై యుండెను. చందా కట్టిన వర్తకుడు స్వయముగా కార్యాలయమునకు వచ్చి పేరు చెప్పి యడుగవలెను; గుమాస్తా పుస్తకము తెరచి అందున్నది చదివి వినిపించును; విన్నవాడు దానిని రహస్యముగా నుంచుకొనవలెను. ఆ పుస్తకములలో 2,500కు పైగా సంపుటములు నేటికిని హార్వర్డు విశ్వవిద్యాలయపు బేకర్ గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

ప్రశ్నయు, దానికి నియతమైన పద్ధతిలో సమాధానమును లభించుట వాణిజ్యచరిత్రలో నొక గొప్ప ముందడుగు. అయినను ఆ పద్ధతిలో నొక మహాదోషము కలదు. ఎవరిని గూర్చి ఆ పుస్తకములలో వ్రాయబడెనో వారు మాత్రము ఆ వ్రాతను చూచుటకు వీలు లేకుండెను. ప్రతినిధులు తమకున్న జాతిద్వేషమును, మతద్వేషమును గూడ వివరములతోపాటు వ్రాసి పంపుచుండిరి. అట్టి వ్రాత వలన అప్పు పుట్టని యూదు వర్తకుడు తనకు జరిగిన యపకార మెట్టిదో కూడ ఎరుగజాలకుండెను. ఏజెన్సీపై పరువునష్టపు వ్యాజ్యములు నడచెను. రహస్యముగా నిచ్చు సమాధానమును సరిదిద్దగలవారుండరు. తరువాతి నూరేండ్ల చరిత్ర ఈ రహస్యము క్రమక్రమముగా సడలిన చరిత్రయే.

టాపన్ నాటికి "ఎవ్వరిది" యను ప్రశ్నకు సమాధానము మనుష్యుని పేరై యుండెడిది. పందొమ్మిదవ శతాబ్ది చివర ఆ స్థితి మారిపోయెను. అంతవరకు అమెరికాలో ఒక కంపెనీ మరియొక కంపెనీ వాటాలను కొని యుంచుకొనుటకు సాధారణముగా అనుమతి లేకుండెను. న్యూజెర్సీ రాష్ట్రము తన ఖజానాకు రాబడి కోరి 1889లో శాసనమును సడలించి, ఆ యనుమతి నొసగెను. దీనితో ఏ వస్తువును తయారు చేయక, ఇతర కంపెనీల వాటాలను చేజిక్కించుకొనుటయే వృత్తిగాగల హోల్డింగ్ కంపెనీ యను నూతన జీవి పుట్టెను. జాన్ రాక్‌ఫెల్లరు చమురు సామ్రాజ్యము 1899లో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ యను ఇట్టి కంపెనీ గొడుగు క్రిందికి చేరెను. దాని శాఖోపశాఖలు, స్వతంత్రములని లోకము నమ్మిన పోటీదారులలో కొన్ని నిజమునకు దాని సొంతములే యగుట, ఇవన్నియు అయిడా టార్బెల్ అను పాత్రికేయురాలు 1902 మొదలు మెక్‌క్లూర్స్ పత్రికలో ధారావాహికముగా ప్రకటించిన పిమ్మటగాని ప్రజల కవగతము కాలేదు. న్యాయస్థానముల రికార్డులను, విచారణ సంఘముల సాక్ష్యములను ఏండ్ల తరబడి వెదకి యామె కూర్చినది మాతృసంస్థల పట్టికయే. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆ సంస్థను 34 కంపెనీలుగా విడదీయ నాజ్ఞాపించెను.

ఇట్లు సమాధానమే మరల ప్రశ్నగా మారెను. ఈ కంపెనీ ఆ కంపెనీదైనచో, ఆ కంపెనీ ఎవ్వరిది? దానిపై నున్నది ఎవ్వరిది? ఈ మెట్లెక్కుట ఎంత దుష్కరమో విద్యుత్ కంపెనీల పతనము చాటి చెప్పెను. ఎడిసన్ వద్ద కార్యదర్శిగా జీవితమారంభించిన శామ్యూల్ ఇన్సల్ చికాగో కేంద్రముగా కంపెనీపై కంపెనీ పేర్చి, పైనున్నవాడు స్వల్పధనముతో క్రిందనున్న సమస్తమును శాసించునట్టి కట్టడమును నిర్మించెను. 1932లో అది కూలిపోయి లక్షలాది సామాన్యుల పొదుపును మట్టిలో కలిపెను. రూజ్‌వెల్టు ప్రభుత్వము 1935లో చేసిన శాసనము విద్యుత్, గ్యాస్ రంగములందలి హోల్డింగ్ కంపెనీలు ప్రభుత్వ సంఘము వద్ద నమోదు కావలెననియు, తమ క్రింది సంస్థల వివరములను వెల్లడింపవలెననియు, రెండంతస్తులకు మించి కట్టరాదనియు నిర్దేశించెను. మాతృసంస్థ యెవ్వరో చెప్పుట వర్తకుని మర్యాదకు వదలివేసిన విషయము కాక, ప్రభుత్వమునకు సంస్థ చెల్లింపవలసిన ఋణమని ఈ శాసనము స్థిరపరచెను.

మన దేశమున ఈ చరిత్ర వేరొక దారిన నడచెను. కలకత్తాలోని ఆండ్రూ యూల్, బర్డ్ వంటి ఆంగ్ల వర్తకసంస్థలు మేనేజింగ్ ఏజెంట్లు అను పేర జనపనార మిల్లులను, బొగ్గుగనులను, తేయాకు తోటలను ఒప్పందముల బలముచేత నడపుచుండెను. వాటాలు స్వల్పముగా నున్నను పెత్తనమంతయు వారిదే. అట్టిచోట వాటాదారుల పట్టికను చూచినంత మాత్రమున యజమాని కానరాడు. 1956 నాటి కంపెనీల చట్టము హోల్డింగ్ కంపెనీని నిర్వచించుచు ముమ్మార్గమైన పరీక్షను పెట్టెను: డైరెక్టర్ల మండలి కూర్పును శాసించుట యొకటి, మూలధనపు వాటాలలో సగమునకు మించి కలిగియుండుట రెండవది, అనుబంధ సంస్థకు అనుబంధమైనది గూడ మూలసంస్థకు అనుబంధమే యగుట మూడవది. ఈ మూడవ సూత్రమందు ఎన్ని మెట్లైనను ఎక్కుచు పోవు తర్కము ఇమిడియున్నది. నేటి ప్రోగ్రాములు చేయు పని యదియే. మేనేజింగ్ ఏజెన్సీ విధానము 1970లో రద్దయ్యెను. 2013 నాటి క్రొత్త చట్టము మాతృసంస్థలు తమ సమూహమంతటి లెక్కలను ఏకముగా కూర్చి ప్రకటింపవలెనని విధించెను. 2017లో వెలువడిన నియమములు కొన్ని మినహాయింపులతో అనుబంధ సంస్థల అంతస్తులను రెండింటికి పరిమితము చేసెను.

శాసనములు వెల్లడిని విధింపగలిగెను గాని, వెల్లడియైన వానిని ఒకచోట పోల్చి చూచుటకు కావలసిన సాధనము నీయలేదు. మన తెలుగువారిలో ఒకే ఇంటిపేరు గలవారందరు జ్ఞాతులు కారు. సొంత ఆడపడుచు పెండ్లితో వేరొక ఇంటిపేరు ధరించును. సంస్థల నామములును అట్టివే. ఒక పేరు గల కంపెనీలు రెండు దేశములందు ఏ సంబంధమును లేక యుండవచ్చును. మిక్కిలి సన్నిహితములైనవి పొంతనలేని పేర్లతో నుండవచ్చును. కావున పేరుకు బదులు సంఖ్య కావలసివచ్చెను. టాపన్ ఏజెన్సీయు, బ్రాడ్‌స్ట్రీట్ అను దాని పోటీ సంస్థయు 1933లో కలిసిపోగా ఏర్పడిన డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ 1963లో డన్స్ నంబరు అను తొమ్మిదంకెల సంఖ్యను ప్రవేశపెట్టి, ప్రతి సంస్థకు మాతృసంస్థ సంఖ్యను, ఆ సమూహమునకు శిరస్సైన సంస్థ సంఖ్యను జతపరచెను. ఇది మిక్కిలి ఉపయోగకరమైన పని. అమెరికా ప్రభుత్వమే తన కాంట్రాక్టర్లను గుర్తించుటకు 2022 వరకు ఆ సంఖ్యనే వాడెను. కాని ఆ సంబంధముల పట్టిక ఒక ప్రైవేటు సంస్థ సొత్తు. ధనమిచ్చినవారికే అది తెరచుకొనును. టాపన్ గుమాస్తా గొంతు మారినదే గాని చందా మారలేదు.

2008 సెప్టెంబరు 15వ తేదీన లీమన్ బ్రదర్స్ దివాలా ప్రకటించినపుడు ఈ లోపమునకు లోకమంతయు మూల్యము చెల్లించెను. 60,000 కోట్ల డాలర్లకు పైబడిన ఆస్తులు గల ఆ సంస్థ 40కి పైగా దేశములలో వేలకొలది చట్టబద్ధ సంస్థలుగా విస్తరించి యుండెను. దానితో లావాదేవీలున్న బ్యాంకులు తమకు బాకీపడినది ఆ వేలలో ఏ సంస్థయో, ఆ సంస్థ లీమన్‌కు ఏమగునో, మొత్తమున తమకు వాటిల్లు నష్టమెంతో వెంటనే చెప్పలేకపోయెను. నియంత్రణాధికారుల స్థితియు అంతే. ఈ పాఠమునుండి పుట్టినదే లీగల్ ఎంటిటీ ఐడెంటిఫయర్, వాడుకలో ఎల్.ఇ.ఐ. 2011 నవంబరులో కాన్ నగరమున సమావేశమైన జి-20 దేశాధినేతలు దీనిని కోరిరి. 2012లో లాస్ కాబోస్ సమావేశమున ప్రణాళిక నామోదించిరి. ఆ యేడే ఐ.ఎస్.ఓ. 17442 అను అంతర్జాతీయ ప్రమాణము వెలువడెను. 2014లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున గ్లైఫ్ అను లాభాపేక్ష లేని ప్రతిష్ఠానము ఈ వ్యవస్థను నిర్వహించుటకై స్థాపితమయ్యెను. మన రిజర్వు బ్యాంకు 2017లో పెద్ద ఋణగ్రహీతలకును, 2021 ఏప్రిలు మొదలు 50 కోట్ల రూపాయలకు తక్కువగాని సంస్థాగత చెల్లింపులకును ఈ సంఖ్యను తప్పనిసరి చేసెను.

ఎల్.ఇ.ఐ. 20 అక్షరాంకముల సంకేతము. మొదటి నాలుగును దానిని జారీచేసిన కార్యాలయమును సూచించును. చివరి రెండును వ్రాతలో దొర్లిన పొరపాటును గణితముచేత పట్టుకొనుట కుద్దేశింపబడినవి. మొదట సంస్థ ఎవ్వరో తెలుపు వివరములు మాత్రమే సేకరింపబడెను. 2017 మే నెల మొదలు రెండవ అంతస్తు సమాచారము, అనగా ఎవ్వరు ఎవ్వరి సొంతమో తెలుపునది, చేరినది. ప్రతి సంస్థయు రెండు ప్రశ్నలకు బదులు చెప్పవలెను: ఈ సంస్థ లెక్కలను తన లెక్కలలో కలుపుకొను అత్యంత సమీప మాతృసంస్థ ఏది, ఆ శ్రేణిలో కడపటిది, అన్నిటికిని పైనున్న మాతృసంస్థ ఏది?

ఈ సమాధానములను ఎవ్వరైనను చందా లేక, నమోదు లేక, అనుమతి పత్రము లేక అడుగుటకు గ్లైఫ్ వెబ్ ఏపీఐ వీలు కల్పించినది. సంస్థ సంకేతమును చిరునామాలో చేర్చి పంపినచో, పేరు, చిరునామా, నమోదు వివరములతో గూడిన పత్రము యంత్రములు చదువగల జేసన్ అను రూపమున వచ్చును. అందు సంబంధములను తెలుపు భాగమొకటి కలదు. సమీప మాతృసంస్థకు ఒక లంకె, పరమ మాతృసంస్థకు ఒక లంకె, క్రిందనున్న అనుబంధ సంస్థలకు లంకెలు అందుండును. అడుగువాడు తరువాతి చిరునామాను తానూహింప పనిలేదు. వచ్చిన పత్రమే అతనికి దారి చూపును. 2000 సంవత్సరమున రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతగ్రంథమున వెబ్ నిర్మాణమును గూర్చి ప్రతిపాదించిన ముఖ్యసూత్రములలో నిది యొకటి. లంకె వెంబడి లంకె ననుసరించుచు ప్రోగ్రాము పైకెక్కును. దత్తాంశములలోని తప్పువలన తిరిగిన చోటికే తిరుగకుండుటకై చూచిన సంకేతములను జ్ఞాపకముంచుకొనును. ఇక లంకె లేనిచోట నిలిచిపోవును. వేలకొలది సంస్థలను పరిశీలింపదలచినవారు ఒక్కొక్క ప్రశ్నగా అడుగుటకు మారుగా, దినమునకు 3 పర్యాయములు ప్రకటితమగు సంపూర్ణ ప్రతిని తెచ్చుకొని తమయొద్దనే వెదకుకొనవచ్చును. అయిడా టార్బెల్ ఏండ్ల శ్రమతో నెక్కిన మెట్లను, సమాచారము సరిగా నున్నచోట, ఒక విద్యార్థి నేడు ఒక్క సాయంకాలమున నెక్కగలడు.

లంకె నిలిచిపోయిన చోట నేమున్నదో చూచుటయు ఈ వ్యవస్థలోని విజ్ఞతను తెలుపును. మాతృసంస్థను చెప్పని సంస్థ మౌనముగా నుండుటకు వీలులేదు; ఎందువలన చెప్పలేదో చెప్పవలెను. తనపై పెత్తనము కంపెనీది గాక మనుష్యులది యనియో, లెక్కలను కలుపుకొను సంస్థ లేదనియో, మాతృసంస్థకు ఎల్.ఇ.ఐ. లేదనియో, ఆ విషయము బహిరంగపరచుటకు అభ్యంతరము కలదనియో నియతమైన కారణమును పేర్కొనవలెను. కావున ఏపీఐ నడిగినవానికి మాతృసంస్థ పేరుకు బదులు కారణము లభించుటయు సమాధానమే. శూన్యమునకును, లేదను మాటకును, చెప్పననుటకును గల భేదమును పాటించిన యీ పద్ధతి మిక్కిలి ప్రశంసార్హము.

వాణిజ్యలోకమున పుట్టిన యీ ప్రశ్న విద్యాలోకమునకును వ్యాపించెను. పరిశోధన వ్యాసముపై నున్న సంస్థ పేరు ఏ మహాసంస్థకు చెందినదో తెలియవలసి, 2019 జనవరిలో రోర్ అను బహిరంగ రిజిస్ట్రీ ఆరంభమయ్యెను. లక్షకు పైగా పరిశోధన సంస్థలకు అది సంకేతముల నొసగి, మాతృసంస్థ, అనుబంధ సంస్థ, పూర్వసంస్థ, ఉత్తరసంస్థ అను సంబంధములను అదే పత్రమున చేర్చి, తన ఏపీఐ ద్వారా ఎల్లరకు నిచ్చుచున్నది. ఈ భేదము లెంత యవసరమో హైదరాబాదు నగరమే నిదర్శనము. నిజాము ప్రభుత్వము 1944లో స్థాపించిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, సి.ఎస్.ఐ.ఆర్., అధీనమునకు వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ యని పేరొందెను. 1989లో అది భారత రసాయన సాంకేతిక సంస్థ, ఐ.ఐ.సి.టి., యయ్యెను. దాని జీవరసాయన విభాగమునుండి 1977లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, సి.సి.ఎం.బి., ఉద్భవించి, కొలది యేండ్లకు స్వతంత్ర జాతీయ ప్రయోగశాల యయ్యెను. ఒకప్పుడు మాతృస్థానమున నున్న ఐ.ఐ.సి.టి.యు, అందుండి పుట్టిన సి.సి.ఎం.బి.యు నేడు సి.ఎస్.ఐ.ఆర్. క్రింద సమానహోదా గల సోదరసంస్థలు. 1945లో అడిగినవానికి నిజాము ప్రభుత్వమని, 1960లో అడిగినవానికి సి.ఎస్.ఐ.ఆర్. అని చెప్పవలసియుండెను. కాలమును విస్మరించిన సంబంధపు పట్టిక పాత వ్యాసమునకు క్రొత్త తల్లిని అంటగట్టును.

ఈ ద్వారములు తెరచుకొన్నవని సమస్తమును కానవచ్చునని భ్రమపడరాదు. 2008 డిసెంబరు 16న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ 160 కోట్ల డాలర్లతో మేటాస్ సంస్థలను రెండింటిని కొనదలచితినని ప్రకటించి, మదుపరుల యాగ్రహమునకు వెరచి ఆ రాత్రియే విరమించుకొనెను. మూడు వారములకు దాని లెక్కలలోని మహామోసము బయటపడెను. సత్యమునకును మేటాస్‌కును నడుమ నున్నది ప్రమోటరు కుటుంబ సంబంధము. ఒకటి మరియొకదానికి మాతృసంస్థ కాదు. లెక్కలను ఎవ్వరు కలుపుకొందురని మాత్రమే అడుగు ప్రశ్న అట్టి బంధమును పట్టుకొనజాలదు. దానికి తుది లబ్ధిదారులైన మనుష్యుల పట్టిక కావలెను. బ్రిటను 2016లో అట్టి పట్టికను బహిరంగపరచెను. ఐరోపా న్యాయస్థానమో, 2022 నవంబరులో, అట్టి వివరములను నిర్నిబంధముగా సర్వజనులకు తెరచుట వ్యక్తుల గోప్యతకు భంగకరమని తీర్పు చెప్పెను. మనుష్యునికి గోప్యత హక్కు కలదు, అది గౌరవింపదగినదే. కాని పరిమిత బాధ్యత యను వరమును సమాజమునుండి పొందిన కంపెనీ, నష్టమువచ్చిననాడు తన యజమానుల ఇంటిని కాపాడు ఆ వరమునకు ప్రతిగా తన మాతృసంస్థ నెరిగించుట న్యాయమైన విధి.

అందువలన నేటి కర్తవ్యము క్రొత్త యంత్రముల నిర్మాణము కంటె పాత నిజాయితీని నిలుపుకొనుటయందే యెక్కువగా నున్నది. ఎల్.ఇ.ఐ. పత్రమును ఏటేట పునరుద్ధరింపవలెను. అట్లు చేయని సంస్థల పత్రములు గడువు మీరినవిగా నిలిచిపోవును, వాని మాతృసంస్థ యేనాడో మారియుండవచ్చును. ఏపీఐ ఇచ్చు సమాధానము ఆ పత్రమును నింపిన గుమాస్తా శ్రద్ధను మించి సత్యము కాజాలదు. మన పట్టణములలోని కంపెనీ కార్యదర్శులు, ఆడిటర్లు, బ్యాంకు అధికారులు ఈ గడులను నింపునపుడు అది ప్రభుత్వమునకు పంపు మరియొక కాగితమని భావింపక, దూరమున నెక్కడనో తన పొదుపును పెట్టదలచిన యొక సామాన్యుని ప్రశ్నకు తామిచ్చు సమాధానమని భావింపవలెను. టాపన్ కాలమున ఆ సామాన్యునికి కార్యాలయపు గడప దాటు అర్హతయే లేదు. నేడు ప్రశ్నించు హక్కు అతనికి పూర్తిగా దక్కినది. సత్యమైన సమాధానమును పొందు హక్కు గూడ అతనికి దక్కిననాడే, ఇన్ని దివాలాల మూల్యముతో మానవలోకము కొనుక్కొన్న యీ సాధనము సార్థకమగును.